జ్వరం దిగేలోపు

రెండూ పదికి మా ఆయన కోదాడలో బస్సెక్కాడు. ఇప్పుడు రెండూ ఇరవై. సూర్యాపేట రావడానికి గంట చాలు, రోడ్డు ఖాళీగా ఉంటే. ఆ గంటసేపు నేను చేయాల్సింది ఒక్కటే, ఏమీ చేయకుండా కూర్చోవడం. జ్వరం మందు సీసా కిటికీ గట్టు మీద ఉంది, మూత మీద కొలత కప్పు బోర్లించి ఉంది, దాని వంక చూడకూడదు అనుకుంటూనే చూస్తున్నాను. నా ఒళ్లో నా బిడ్డ తల. ప్రవళిక, ఏడేళ్లు. ఒళ్లు కాలిపోతోంది. నూట రెండున్నర అని థర్మామీటరు చెప్పింది కానీ అది చెప్పకముందే చెవి పట్టుకుని తెలుసుకున్నాను. మా మామ ఎర్రయ్య గొర్రెపిల్లల జ్వరం అట్లాగే చూస్తాడు, చెవి కొసను రెండు వేళ్ల నడుమ పెట్టి కాసేపు కళ్లు మూసుకుంటాడు, ఆ వేళ్లు ఇంతవరకు తప్పు చెప్పలేదు. పిల్ల కళ్లు తెరిచే ఉంది. తెరిచి నన్ను చూస్తోంది. నా భుజం వెనక గోడను కాదు, నా చెవి కమ్మను కాదు, నన్ను, నా కళ్లలోకి. ఈ చూపు పోతుందనే మందు పోయకుండా కూర్చున్నాను. కన్నతల్లి చేయాల్సిన పని కాదిది, నాకు తెలుసు, ఎవరూ చెప్పనక్కర లేదు.

మామూలు రోజుల్లో నేను ఈ ఇంట్లో ఒక చేతిని. అన్నం పెట్టే చేయి, నీళ్లు పోసే చేయి. కావాల్సి వస్తే ప్రవళిక నా మణికట్టు పట్టుకుని బిస్కెట్ల డబ్బా దగ్గరికి లాక్కుపోతుంది, ఆ చేతికి ఒక మొహం ఉందన్న సంగతి దానికి పట్టదు. మాటలు లేవని కాదు. మేం కిరాయికి ఉండే గది బస్టాండు వెనక సందులో, పొద్దంతా మైకులో ఆడమనిషి గొంతు వినపడుతుంది, ఆ గొంతు అచ్చంగా దిగింది దానికి. ప్రయాణికులకు విజ్ఞప్తి అంటే ఆకలి. ఖమ్మం వెళ్లు బస్సు అంటే మంచినీళ్లు, ఈ సంగతి నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. నిద్ర ముంచుకొస్తే ప్లాట్‌ఫారం నంబరు చెప్తుంది. ఇంటి ఓనరమ్మ సరిత, మీ బిడ్డకు ఆర్టీసీల నౌకరి పక్కా ఆండాలూ అని నవ్వుతుంది, నేనూ నవ్వుతాను, నవ్వకపోతే నెత్తీనోరూ కొట్టుకోవాలి, ఎన్నిసార్లని కొట్టుకుంటాను. అట్లాంటి పిల్ల ఇవాళ పన్నెండు గంటలకు నిద్రలోంచి లేచి, అమ్మా సలి పెడ్తంది అన్నది. మైకు గొంతుతో కాదు, సన్నగా, కొద్దిగా బొంగురుపోయి, నేను ఏడేళ్లలో మూడోసారి వింటున్న దాని సొంత గొంతుతో. చేతిలోని చెంబు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ తెలియదు. దుప్పటి కప్పాను. దుప్పటి అంచు చుబుకం దాకా లాక్కుని, గదంతా ఒకసారి కలియజూసి, నాయిన ఏడి అని అడిగింది.

నాయిన. నర్సింహ. పేరు పెట్టి పిలవను గానీ మనసులో అనుకుంటే ఎవరు చూడొచ్చారు. కోదాడలో బాయిల్డ్ రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పని, అంతకుముందు మిర్యాలగూడలో ఇదే పని. ఊక పొగకు కనుబొమ్మలు ఎప్పుడూ బూడిద రంగులో ఉంటాయి. ఆదివారం వస్తాడు, సోమవారం పోతాడు. వచ్చిన ప్రతిసారీ బిడ్డ ముందు కూర్చుని, నాయిన అను, నా...యి...న, అని పెదవులు సాగదీసి చూపిస్తాడు, అది ఆయన చొక్కా గుండీ తిప్పుతూ ఉంటుంది. ఏళ్లుగా ఇదే. పన్నెండు నుంచి ఫోన్ చేస్తుంటే రెండు కొట్టబోతుండగా ఎత్తాడు, చెప్పాను, దానికి జరమొచ్చింది, మాట్లాడుతుంది అని. అవతల బాయిలర్ హోరు.

"ఏమన్నది?"

"నాయిన ఏడి అన్నది."

హోరు కాస్త తగ్గింది, బయటికి నడిచినట్టున్నాడు. "మందు పోసినవా?"

"లే. ఇంక పొయ్యలే."

పొయ్యి అనలేదు. ఆపు అని కూడా అనలేదు. "బాయిలర్ ఫకీరాకు అప్పజెప్పి వస్తున్న. గంటల ఉంట గాడ" అన్నాడు, పెట్టేశాడు. ఆ గంట అన్న మాటలోనే అన్నీ ఉన్నాయి, నాకు అర్థమైంది, నాకు అర్థమైందని ఆయనకూ అర్థమైంది. ఫోన్లోనే మాట్లాడించలేకపోయావా అని రేపు ఎవరైనా అంటారు. పోయిన జ్వరంలో అదే చేశాను, చెవి దగ్గర పెట్టగానే డబ్బాలోంచి వచ్చే గొంతుకు జడిసి రెండు చెవులూ మూసుకుని గోడ వైపు తిరిగింది, తిరిగిన మనిషి మళ్లీ ఇటు తిరగలేదు, ఉన్న కాసేపు కూడా ఆ ఫోనే తినేసింది. ఇవాళ ఆ తప్పు చేయను. మనిషే రావాలి. వచ్చి ఎదురుగా కూర్చోవాలి.

మొదటిసారి మాట్లాడింది ఆత్మకూరులో, మా అత్తగారింట్లో, మూడేళ్ల కింద. అమ్మవారు పోసింది దానికి. ఒళ్లంతా నీటి పొక్కులు, వేపమండలు పరిచిన చాప, గుమ్మానికి వేపాకు తోరణం. అమ్మవారు పోసిన ఇంట్లో మందు మాట ఎత్తరు, తాలింపు వేయరు, బయటినుంచి వచ్చినవాళ్లు గడప తొక్కరు. మూడోరోజు జ్వరం మండిపోతుంటే ప్రవళిక లేచి కూర్చుని మా అత్త వీరమ్మ మొహంలోకి చూసి, నీళ్లు అన్నది. నాలుగేళ్ల పిల్ల, అప్పటిదాకా ఒక్క మాట లేని పిల్ల. మా అత్త చేతులు జోడించింది. తల్లి పలుకుతుంది, పాప కాదు పలికేది, తల్లి, అని వణికిపోతూ కడివెడు నీళ్లు తెచ్చి పసుపు కలిపి గడప మీద ధారపోసింది. పిల్ల మళ్లీ నీళ్లు అన్నది. మళ్లీ ఒక కడివెడు పోసింది. గడప ముందు బురదైంది గానీ బిడ్డ గొంతు తడవలేదు, చివరికి నేనే దొంగతనంగా గ్లాసుతో తాపాను. మా మామ మందలో రోగం తగ్గుతదా తల్లీ అని అడిగాడు, చుట్టుపక్కలవాళ్లు వానల సంగతి అడిగించారు. అది చెప్పింది కాలు దురద పెడ్తంది అని. అందరూ దండం పెట్టారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది, ఎందుకంటే దండం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. నా బిడ్డ మొదటిసారి నాతో మాట్లాడుతుంటే అది నా బిడ్డ కాదనుకుని కాళ్లకు మొక్కాను. దగ్గరికి తీసుకోవాల్సిన మూడు రోజులు, దూరంగా నిలబడి దండాలు పెట్టాను.

అప్పుడే ఆయన మిర్యాలగూడ నుంచి వచ్చాడు, పిల్లకు బాగాలేదని తెలిసి. మా అత్త గుమ్మంలో అడ్డం నిలబడింది. "నాలుగూళ్లు తిరిగి వచ్చినోనివి, గడప తొక్కకు బిడ్డా. తల్లికి కోపమొస్తది" అన్నది. గొర్రెల దొడ్డి పక్కన రాతి మీద కూర్చున్నాడు, పొద్దున వచ్చినవాడు మధ్యాహ్నం దాకా. లోపల ప్రవళిక మాట్లాడుతూనే ఉంది. పోయేటప్పుడు దూరంనుంచే అడిగాడు, లోపల సన్నగ ఒక గొంతు ఇనపడ్డది, నీదేనా అని. నేను తల అడ్డంగా ఊపాను, బిడ్డది అని చెప్పడానికి నోరు రాలేదు, పక్కన మా అత్త ఉంది. తొమ్మిదోరోజు పసుపునీళ్ల స్నానం అయింది, జ్వరం పోయింది, ఒంటి మీద పొక్కులు ఎండాయి, పిల్ల వేపమండ ఆకులు ఒక్కొక్కటి తెంపి వరసగా పేరుస్తూ కూర్చుంది. పిలిస్తే పలకలేదు. తల్లి ఎళ్లిపోయింది, చల్లగ సూసింది అన్నది మా అత్త, సంతోషంగా. నేను గొడ్ల కొట్టంలోకి పోయి ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో ఎవరికి చెప్పాలి, బిడ్డకు నయమైనందుకు ఏడ్చే తల్లి ఉంటుందా.

రెండూ నలభై. చెవి ఇంకా కాలుతోంది. తడిబట్ట వేయొచ్చు కదా, అదీ వేయలేదు, వేస్తే దిగుతుందేమోనని. బస్సు మునగాల దాటి ఉంటుంది. ప్రవళిక నా మొహం మీద ఏదో వెతుకుతున్నట్టు చూస్తోంది, వేలితో నా ముక్కుపుడక ముట్టుకుంది. ఇది ఏంది అన్నది. ముక్కుపుడక బిడ్డా అన్నాను. ఎవలిచ్చిండ్రు అన్నది. మా అమ్మ అన్నాను. కాసేపు ఆలోచించి, నీకు అమ్మ ఉన్నదా అన్నది. ఉన్నది, తుంగతుర్తిల ఉంటది, నువ్వు చూసినవ్ అన్నాను. ఇన్ని మాటలు ఎక్కడ దాచుకుంటుంది ఇది. ఎవరు నేర్పారు. అన్నీ విన్నదన్నమాట, గోడ వైపు తిరిగి కూర్చున్న రోజుల్లో కూడా అన్నీ వింటూనే ఉందన్నమాట. నేను దాని ఎదుటే అన్న మాటలు, ఎందుకు పుట్టినవే నా కడుపున అన్న మాట కూడా.

రెండోసారి జ్వరం రెండేళ్ల కింద, సాయంత్రం. అప్పుడు భక్తి లేదు నాకు, ఆశ ఉంది. ఫోన్‌కు జడిసి గోడ వైపు తిరిగాక కూడా మందు పోయడం ఆలస్యం చేశాను, ఇంకో పది నిమిషాలు, ఇంకో పది నిమిషాలు అనుకుంటూ. అటు తిరిగే, అమ్మా లైటు కన్నుల పడ్తంది అన్నది, లైటు ఆర్పి వచ్చేలోపు కళ్లు పైకి పోయాయి, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నోట్లో నురగ. ఆటోలో దవాఖానకు పరిగెత్తాను చెప్పుల్లేకుండా. ఆ తర్వాతే హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్ దగ్గరికి పోయాం. ఆయన ఓపికగల మనిషి, జ్వరం వస్తే మాట్లాడుతుందని నేను చెప్తే నవ్వలేదు, కాగితం మీద రాసుకున్నాడు. కొంతమంది పిల్లల్లో ఇట్లా కనిపిస్తుందమ్మా, మీరొక్కరే చెప్పడం లేదు, ఎందుకో మాకు ఇంకా పూర్తిగా తెలియదు అన్నాడు. ఒంట్లోకి క్రిములు వస్తే పోరాడటానికి మన లోపల కాపలా ఉంటుందట, మెదడుకు వేరే కాపలా ఉంటుందట, ఇట్లా తమ లోకంలో తామే ఉండిపోయే పిల్లల్లో కొందరికి ఆ కాపలా ఏ క్రిమీ లేకపోయినా ఊరుకోదట, లోపల సన్నగా వాపు ఉండిపోతుందట, పైకి కనపడని వాపు. అందరిలో అట్లా కాదు, ఇదే కారణమనీ చెప్పలేం అని రెండుసార్లు అన్నాడు. నాకు మా మంద కుక్కలు గుర్తొచ్చాయి, ఆయనకు చెప్పాను. తోడేలు లేని రోజు కూడా కొన్ని కుక్కలు అరుస్తూనే ఉంటాయి, గొర్రెల్ని మేయనీయవు, పడుకోనీయవు, అవి బెదిరి ఒక మూలకు మొహాలు పెట్టుకుని నిలబడతాయి. నిజంగా తోడేలు వచ్చిన రోజు కుక్కలన్నీ అటు పరిగెడితే మంద కాసేపు నిమ్మళిస్తుంది. జ్వరమొస్తే గట్లనేనా సారూ అని అడిగాను. కావచ్చు, కాకపోవచ్చు, కానీ తోడేలును పెంచుకోవద్దమ్మా అన్నాడు. ఈ పాపకు ఫిట్స్ వచ్చింది, నూట ఒకటి దాటితే మందు పోయాలి, ఇది మాట తప్పకూడదు. సరే సార్ అన్నాను. ఆయన మొహం చూసి అన్నాను.

మాట తప్పాను. ఇవాళ కాదు, అంతకుముందే. పోయిన ఏడు ఆషాఢంలో వాన పడుతుంటే దాన్ని వాకిట్లో నిలబెట్టాను. ఎవరికీ చెప్పలేదు ఇది, ఆయనకు కూడా. స్నానమన్న సాకుతో సబ్బు పెట్టి తల తడిపి, వానలో, అరగంట. అది చేతులు చాచి చినుకులు పట్టుకుంటూ కిలకిల నవ్వింది, ఆట అనుకుంది. నేనూ దాని పక్కన నిలబడ్డాను, ఒక్కదాన్నే నిలబెట్టడానికి మనసొప్పక. తెల్లారి నాకు జ్వరం వచ్చింది. దానికి తుమ్ము కూడా రాలేదు. ఐదు రోజులు మూలుగుతూ పడుకున్నాను, అది నా కాళ్ల దగ్గర కూర్చుని ప్రయాణికులకు విజ్ఞప్తి చేస్తూనే ఉంది. నాకు తగిన శాస్తి అనుకున్నాను. పక్కింట్లో పిల్లలకు జ్వరమొస్తే వాళ్ల అమ్మలు ఆంజనేయస్వామికి మొక్కుకుంటారు, నేను ఈసారి పెద్దగట్టు జాతరలో లింగమంతుల స్వామి ముందు నిలబడి నా బిడ్డకు జ్వరం రావాలని మొక్కుకున్నాను. పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. దేవుడికైనా చెప్పుకోలేని మొక్కు అది.

మూడూ ఐదు. ఫోన్ మోగింది, బిడ్డ జడుసుకుంటుందని వంటగది గుమ్మం దాకా పోయి ఎత్తాను. 

"మునగాల కాడ ఆగినం. రోడ్డు వెడల్పు చేస్తుండ్రు గద, వడ్ల లారీ ఒకటి గుంటల పడి అడ్డం తిరిగింది. అటు పోతలేదు ఇటు పోతలేదు" అన్నాడు. ఊపిరి ఎగపోస్తున్నాడు, బస్సు దిగి నడుస్తున్నట్టున్నాడు. "ఎట్లుంది?"

"నూట మూడైంది."

"మాట్లాడుతుందా?"

"మాట్లాడుతుంది. నాకు అమ్మ ఉన్నదా అని అడుగుతుంది."

ఆయన నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు, ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. "లారీ దాటి అవతల ఏదన్న బండి పట్టుకుంట. అరగంట. ఆండాలూ, జర..." అన్నాడు. జర తర్వాత మాట రాలేదు. నేనూ అడగలేదు. ఇద్దరం ఆ మాట నోటితో అనకుండా ఒకరి మీద ఒకరం పెట్టుకున్నాం. ఆయన అననందుకు కోపం వచ్చింది నాకు, అంటే ఇంకా కోపం వచ్చేది.

తిరిగొచ్చేసరికి ప్రవళిక లేచి కూర్చుంది. రెండు చేతులూ కణతల మీద పెట్టుకుంది. మొహం ఎర్రగా కందిపోయింది, పెదవులు ఎండి తోలు లేచాయి. పక్కన కూర్చున్నాను. నాయిన వస్తుండు బిడ్డా అన్నాను. అది నా కళ్లలోకి చూసింది, చూసి, చాలా మామూలుగా, ఎన్నో రోజులుగా చెప్తున్న సంగతి మళ్లీ చెప్తున్నట్టు అన్నది.

"అమ్మా, తల నొస్తంది. మందియ్యి."

నాయినొచ్చినాంక తాగుదాం అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది, నేనే విన్నాను. అది తల ఊపలేదు, ఏడవలేదు. సీసా వైపు చూపు తిప్పి, మళ్లీ నా వైపు తిప్పింది. "ఇప్పుడు" అన్నది.

ఏడేళ్లు. నా బిడ్డ ఏడేళ్లలో నా మొహంలోకి చూసి, తన మాటతో నన్ను ఏదీ ఇమ్మని అడగలేదు, బొమ్మ అడగలేదు, మిఠాయి అడగలేదు, ఎత్తుకొమ్మని అడగలేదు. అడిగిందల్లా ఇదొక్కటే, దీన్ని నా నుంచి తీసుకుపోయే ఆ ఎర్రమందు. ఇంకో పది నిమిషాలు అనుకోవడానికి కూడా నాకు వీలు లేకుండా చేసింది. అడగని బిడ్డకైతే ఏదో ఒకటి చెప్పుకుంటాను, అడిగిన బిడ్డకు ఏం చెప్పను. సీసా మూత తీశాను, కప్పులో కొలత దాటింది, మళ్లీ వంచి సరిచేశాను. మామూలుగా అయితే మందు పోయాలంటే ఇద్దరం పట్టుకోవాలి, కొరుకుతుంది, ఉమ్ముతుంది. ఇవాళ కప్పు తనే పట్టుకుంది. తాగి పెదవి నాక్కుని, తియ్యగున్నది అన్నది. తడిబట్ట నుదుటి మీద వేశాను, ఇంకొకటి పొట్ట మీద. గుండెకు హత్తుకుని మాట్లాడుతూనే ఉన్నాను, మా అమ్మ సంగతి, ఆత్మకూరు గొర్రెల సంగతి, ఆ వాన సంగతి కూడా చెప్పాను, నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా అన్నాను. ఊఁ అన్నది. దేనికి ఊఁ అన్నదో తెలియదు. మూడూ నలభైకి మెడ మీద చెమట పట్టింది. నాలుగింటికి నా ముక్కుపుడక వైపు ఉన్న చూపు మెల్లగా జరిగి నా చెవి దాకా పోయింది, చెవి దాటి గోడ మీదికి పోయింది. ఎక్కడో ఆపాలనిపించింది. ఆపలేదు. నిద్రపోయింది.

నాలుగూ ఇరవైకి ఆయన వచ్చాడు, మోకాళ్ల దాకా బురద, చెప్పులు చేతిలో పట్టుకుని. మొహం కడుక్కోకుండానే వంగి బిడ్డ నుదురు మీద చేయి పెట్టాడు. నుదురు చల్లగా ఉంది. ఆ చేయి అక్కడే ఉంచి నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా పడదామనుకున్నాను.

"అది అడిగింది. తల నొస్తంది, మందియ్యి అన్నది" అన్నాను.

"అడిగిందా? నోటితోని?"

"నోటితోనే."

గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. చేయి చాచి బిడ్డ దుప్పటి సర్దాడు. పొద్దంతా మైకులో ఏ బస్సులు వచ్చాయో పోయాయో, నాకేమీ వినపడలేదు. తర్వాత, నన్ను అడుగుతున్నట్టు కాదు, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు, "జరం లేనినాడు నొస్తే ఎట్ల చెప్తదే?"

నేను ఆ గోడ వైపు చూశాను, ఆయన తల ఆనించి కూర్చున్న చోటికి. మూడడుగుల ఎత్తున సున్నం రాలి, నూనె జిడ్డు పట్టి, అరచేతి వెడల్పున గుంట. రోజూ అక్కడే తల కొట్టుకుంటుంది ప్రవళిక. మొండితనం అని మా అత్త అన్నది, మొండితనమే అని నేనూ వీపు మీద నాలుగు వేశాను, చేతులు కట్టేశాను ఒకటి రెండుసార్లు. ఆయన భుజం పట్టి పక్కకు జరిపి, ఆ గుంట మీద అరచేయి పెట్టాను, గిట్లనే చెప్తది అన్నాను.